చెల్లెలికి ఫోనులో అమ్మను 'అప్పగించాను': నేర్చుకున్న రూపాలు మనిషిని మారుస్తాయా?

1. రాత్రిడ్యూటీ

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ చర్చ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. భాషాశాస్త్రం చదివినదాన్ని కాదు. నర్సును. పదకొండేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్నాను.

గత నెల అమ్మకు ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చాం. ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేసి ఇలా చెప్పాను: "అమ్మకు మధ్యాహ్నం నుంచి ఆయాసం. మూడేళ్లుగా బీపీ ఉంది, మందులు వేసుకుంటోంది. ఇప్పుడు ఆక్సిజన్ తొంభై నాలుగు, నిలకడగా ఉంది. రేపు ఉదయం గుండె స్కానింగ్ చేస్తారు, నువ్వు పదింటికల్లా వస్తే మంచిది."

చెల్లెలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది.

ఫోను పెట్టేశాక అర్థమైంది. డ్యూటీ మారేటప్పుడు మేం రోగిని తర్వాతి వారికి అప్పగించే పద్ధతి అది. ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనక ఏముంది, నా అంచనా ఏమిటి, ఇక ఏం చేయాలి. ఈ నాలుగూ, ఇదే వరసలో. కన్నతల్లిని సొంత చెల్లెలికి అలా అప్పగించాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి నోట్సులో ఇలా రాశాను (మేం రాసేది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాను): "ఆవిడ రాత్రంతా భయపడుతూనే ఉంది. చేయి పట్టుకుని కూర్చుంటే రెండున్నర దాటాక నిద్రపోయింది." సీనియర్ సిస్టర్ దాన్ని కొట్టివేసి, ఇది కథ, నోట్సు కాదు అని తిరిగి రాయించారు. "రోగి ఆందోళనగా ఉన్నారు. ధైర్యం చెప్పబడింది. 2:40కి నిద్రపోయినట్లు గమనించబడింది." చేయి ఎవరు పట్టుకున్నారో ఆ వాక్యాల్లో లేదు. అసలు చెయ్యే లేదు.

ఒక రూపంలో ఇన్నేళ్లు మాట్లాడితే అది మనిషిని మార్చేస్తుందా? లేక డ్యూటీ దుస్తుల్లా విప్పి, తగిలించి రాగలిగినదేనా? భాష, సమూహం, అస్తిత్వం గురించి ఇక్కడ జరిగిన చర్చలన్నీ మాండలికం చుట్టూ, మాతృభాష చుట్టూ తిరిగాయి. నా సమస్య వాటిలో ఇమడడం లేదు. అదే తెలుగు, అదే చెల్లెలు. అయినా పరాయిదానిలా వినిపించాను.

2. పాతబోధకుడు

ముందుగా అమ్మగారు ఎలా ఉన్నారో రాయండి.

మీరు 'రూపం' అన్నదాన్ని సాహిత్యం వాళ్లు 'ప్రక్రియ' అంటారు. కథ ఒక ప్రక్రియ, లేఖ ఒక ప్రక్రియ, నాటిక ఒక ప్రక్రియ. చాలా ఏళ్లు విద్యార్థులకు నేను కూడా దాన్ని మూసలాగే చెప్పాను. ఆరంభం ఇలా ఉండాలి, ముగింపు ఇలా ఉండాలి, మధ్యలో ఇవి రావాలి అని. ఆ పాఠం సగమే నిజమని ఇప్పుడు అనుకుంటున్నాను.

1984లో కారొలిన్ మిల్లర్ అనే అమెరికన్ పండితురాలు ఒక వ్యాసం రాశారు. ఒకే తరహా అవసరం పదే పదే ఎదురవుతున్నప్పుడు, దాన్ని తీర్చుకోవడానికి ఒక సమూహం స్థిరపరచుకున్న చర్యే ప్రక్రియ అన్నది ఆమె వాదన. చర్య ముందు, రూపం దాని వెనక. ఇది చదివినప్పుడు నాకు మన మాట మీద కొత్తగా గౌరవం కలిగింది. 'ప్రక్రియ'లో 'క్రియ' మొదటి నుంచీ ఉంది. పని జరిగే తీరును కూడా ప్రక్రియ అనే అంటాం. మిల్లర్ ఎంతో వాదించి చెప్పినది మన మాటలో దాగే ఉంది.

మీ అప్పగింతను అలా చూడండి. అలసిపోయి ఇంటికి వెళ్లే ఒక మనిషి, అప్పుడే వచ్చిన ఇంకో మనిషి చేతిలో, కొద్ది నిమిషాల్లో ఒక ప్రాణాన్ని పెట్టాలి. ఏదీ మరిచిపోకూడదు. ఇది ప్రతిరోజూ, ప్రతి మంచం దగ్గరా జరగాలి. ఆ నాలుగు మెట్లు ఆ అవసరానికి సమాధానం. చెల్లెలుగారి అవసరం వేరు. ఆవిడకు ఆ రాత్రి అక్కతో కలిసి భయపడడం కావాలి. మీరు సరైన మాటలే వాడారు, కానీ వేరే పనికి సంబంధించినవి.

నిఘంటువులో పదాలు, వ్యాకరణంలో సూత్రాలు చదివి ఎవరూ మాతృభాష నేర్చుకోలేదని 1950ల మొదట్లో మిఖాయిల్ బఖ్తిన్ అనే రష్యన్ సాహిత్య సిద్ధాంతకర్త రాశాడు. చుట్టూ ఉన్నవారు ఏ సందర్భంలో ఎలా మాట్లాడతారో వింటూ, ఆ మాటల తీరుతెన్నులతో సహా నేర్చుకుంటాం. ఒకరు మాట్లాడడం మొదలుపెట్టగానే, అది మందలింపో, కబురో, బతిమాలడమో రెండు మాటల్లోనే పసిగడతాం. మీ చెల్లెలుగారు పసిగట్టింది అదే.

3. కోడ్‌కొలిమి

రాత్రిడ్యూటీ గారు చెప్పిన పద్ధతిని వైద్యరంగంలో ఎస్‌బార్ (పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన అనే మాటల ఇంగ్లీషు మొదటి అక్షరాలు) అంటారని విన్నాను. దాని పుట్టుక నాకు బాగా నచ్చిన విషయం. అది ఆసుపత్రిలో పుట్టలేదు. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడుకున్న పద్ధతి. 2000ల మొదట్లో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థలోని ఒక బృందం దాన్ని ఆసుపత్రులకు తెచ్చింది. నర్సులు పూర్వాపరాలతో వివరంగా చెప్పడానికి శిక్షణ పొందితే, డాక్టర్లు అసలు ముక్క ముందు వినడానికి అలవాటుపడ్డారు. ఆ రెండు అలవాట్ల మధ్య సమాచారం జారిపోయేది. అందుకు వేసిన వంతెన ఇది.

ఇంకో ఉదాహరణ మా రంగం నుంచి. ఇంటర్నెట్ ఎలా పనిచేయాలో చెప్పే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. 'వ్యాఖ్యలకు అభ్యర్థన' అని అర్థం. మొదటిది 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ రాశాడు. అప్పుడు అతను విద్యార్థి. ఇలా ఉండాలి అని శాసించే అధికారం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. పెద్దలెవరైనా వచ్చి మీకేం అర్హత ఉందని అడుగుతారేమోనన్న సంకోచంతో, ఇది అభిప్రాయం మాత్రమే, మీరూ చెప్పండి అన్నట్లు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఆ వరస తొమ్మిది వేలు దాటింది. వాటిలో చాలా వాటిని ప్రపంచమంతా నియమాల్లా పాటిస్తోంది. పేరు మాత్రం ఇంకా 'అభ్యర్థన'. ఒక సమూహం తన స్వభావాన్ని ప్రక్రియ పేరులోనే రాసిపెట్టుకోవడం అంటే ఇదే.

4. గడప

మీరంతా ప్రక్రియల గురించి చాలా ప్రేమగా మాట్లాడుతున్నారు. లోపల ఉన్నవారికి అవి వంతెనలే. బయట ఉన్నవారికి ఎలా కనిపిస్తాయో కూడా వినండి.

మా ఇంట్లో చదువుకున్న మొదటివాణ్ణి నేను. ఉన్నత చదువుకు దరఖాస్తు చేసినప్పుడు 'లక్ష్య ప్రకటన' రాయమన్నారు. రెండు పేజీలు. నేను రాత్రంతా కూర్చుని మా నాన్న చేసిన అప్పులు, నేను చదివిన దీపం వెలుతురు, అమ్మ పడ్డ కష్టం అన్నీ రాశాను. ప్రతి మాటా నిజం. దరఖాస్తు తిరిగివచ్చింది. ఏడాది తర్వాత ఒక మిత్రుడు తన ప్రకటన చూపించాడు. అతని తల్లిదండ్రులిద్దరూ ఆచార్యులు. అందులో అతని జీవితం రెండు వాక్యాలే ఉంది. మిగతాదంతా అతను పరిశోధించాలనుకున్న ప్రశ్న, ఆ ప్రశ్న మీద ఇంతకుముందు జరిగిన పని, ఇంకా మిగిలిన ఖాళీ. "వాళ్లు నీ గురించి అడగలేదు, నీ ప్రశ్న గురించి అడిగారు" అన్నాడు. మంచివాడు, ప్రేమతోనే చెప్పాడు. కానీ అది అతనికి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో అన్నం తింటూ విన్నాడు.

నా తెలుగులో తప్పులేదు, ఇంగ్లీషులో తప్పులేదు, తెలివిలో తప్పులేదు. ఎవరూ చూపించని ఒక కాగితం నమూనా తెలియకపోవడమే తప్పయింది. పాతబోధకుడు గారు సమూహం 'స్థిరపరచుకున్న చర్య' అన్నారు. ఆ సమూహంలో ఎవరున్నారు? స్థిరపరిచేటప్పుడు ఎవరిని అడిగారు?

5. నల్లకోటు

గడప గారి ప్రశ్న నన్ను రోజూ గుచ్చేదే. నేను న్యాయవాదిని.

ఒకావిడ అద్దె ఇంటి అడ్వాన్సు యజమాని తిరిగివ్వలేదని వచ్చారు. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు అని అడిగి, వాళ్ల పిల్లలూ తన పిల్లలూ కలిసి పెరిగిన సంగతి నుంచి మొదలుపెట్టారు. ఆవిడకు జరిగిన అన్యాయం డబ్బు పోవడం కాదు, అయినవాళ్లనుకున్నవారు మోసం చేయడం. నేను విన్నాను. తర్వాత అఫిడవిట్ రాశాను. ఒకటో పేరా, అర్జీదారు ఫలానా చిరునామాలో కిరాయిదారు. రెండో పేరా, ఫలానా తేదీన ఇంత మొత్తం చెల్లించారు. పిల్లలు లేరు, స్నేహం లేదు. చదివి వినిపిస్తే ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఇందులో ఉన్నదంతా నిజమే బాబూ. కానీ ఇది జరిగింది నాకు కాదేమో అనిపిస్తోంది."

అమెరికాలో చిన్న దావాల కోర్టులను గమనించి జాన్ కాన్లీ, విలియమ్ ఓబార్ 1990లో ఒక పుస్తకం వెలువరించారు. తమ గోడును సంబంధాల చుట్టూ చెప్పేవారు కొందరు, నియమాల చుట్టూ చెప్పేవారు కొందరు. కోర్టుకు రెండో రకం కథనమే వినిపిస్తుంది. మొదటి రకం అసందర్భంగా, తికమకగా తోస్తుంది. అలా చెప్పడం ఎక్కువగా సమాజంలో బలం లేనివారిలో కనిపించిందని వారు గమనించారు.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఆ కేసు ఆవిడ గెలిచారు. ఆ పొడి కాగితం వల్లనే గెలిచారు.

6. గడప

> ఆ పొడి కాగితం వల్లనే గెలిచారు.

సంతోషం. ఆ కాగితం భాష ఆవిడకు నేర్పారా, ఆవిడ తరఫున మీరే మాట్లాడారా?

7. నల్లకోటు

తరఫునే మాట్లాడాను. ఇంకోసారి అలాంటి అవసరం వస్తే ఆవిడ మళ్లీ నా దగ్గరికే రావాలి. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది.

8. అనువాదిని

ఒక చిన్న పక్కమాట. సినిమా గురించి మాట్లాడేవారు 'జానర్' అంటారు. సాహిత్యం గురించి మాట్లాడేవారు 'ప్రక్రియ' అంటారు. రెండూ ఒకదాని గురించే. ఎవరైనా ఈ రెండిట్లో ఏ మాట వాడారో చూస్తే వాళ్లు ఎవరి మధ్య కూర్చుని మాట్లాడడం నేర్చుకున్నారో తెలిసిపోతుంది.

అసలు చెప్పదలచుకున్నది వేరు. 'ఐడెంటిటీ' అనే మాటను అనువదించాల్సి వచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను. తెలుగులో దానికి రెండు మాటలున్నాయి, రెండూ ఒకటి కావు. 'అస్తిత్వం' నాలో ఉండేది, నేను ఉన్నాననే ఎరుక. 'గుర్తింపు' ఎదుటివారు ఇచ్చేది. గుర్తింపు కార్డు ఉంటుంది, అస్తిత్వ కార్డు ఉండదు. రాత్రిడ్యూటీ గారి నోట్సు ఆవిడకు నర్సుగా గుర్తింపు ఇచ్చింది. గడప గారికి ఆ లక్ష్య ప్రకటన గుర్తింపు నిరాకరించింది. న్యాయవాది గారి కక్షిదారుకు గుర్తింపు దక్కింది, అస్తిత్వం మాత్రం కాగితం బయటే ఉండిపోయింది. ఇంగ్లీషులో ఒకే మాట కావడం వల్ల ఈ రెండూ కలిసిపోతాయి. మనం విడదీసి మాట్లాడగలం కాబట్టి విడదీసి చూద్దాం.

9. దూరపుచుట్టం

ఇక్కడ రాయవచ్చో లేదో అని రెండు రోజులు ఆలోచించాను. నా తెలుగులో తప్పులుంటే దిద్దండి.

నేను తెలుగు దేశానికి దూరంగా పెరిగాను. ఇంట్లో తెలుగే. పిలిస్తే పలకడం, కావలసింది అడగడం, తమ్ముడితో పోట్లాడడం, అన్నీ తెలుగులోనే చేశాను. నాకు తెలుగు వచ్చని నమ్మకంగా ఉండేవాణ్ణి. బామ్మ పోయినప్పుడు బాబాయికి ఫోను చేశాను. అమ్మానాన్నలు అప్పటికే బయలుదేరారు, నేను ఒక్కణ్ణే ఉన్నాను. బాబాయి ఫోను ఎత్తి "నాన్నా" అన్నాడు. నా దగ్గర మాట లేదు. పరామర్శించేటప్పుడు పెద్దవాళ్లు ఏం మాట్లాడతారో నేను ఎప్పుడూ వినలేదు. అటువంటి కబుర్లు వచ్చినప్పుడు పిల్లలను గదిలోకి పంపించేవారు. చివరికి ఇంగ్లీషులో మనసులో వాక్యం కట్టుకుని, తెలుగులో చెప్పాను. "మేము బామ్మను కోల్పోయాం బాబాయ్."

అవతల నిశ్శబ్దం. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. "మేము కాదు నాన్నా. మనం."

ఆవిడ ఆయన తల్లి. ఆయనతోనే మాట్లాడుతూ, ఆయనను దుఃఖంలోంచి బయట పెట్టాను. ఒక్క మాటతో. నాకు భాష వచ్చు. ఆ సందర్భంలో మాట్లాడవలసిన మాట రాదు. అప్పటి నుంచి నేను తెలుగువాణ్ణేనా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

10. నల్లకోటు

దూరపుచుట్టం గారూ, రెండుసార్లు చదివాను. మీ తెలుగులో దిద్దవలసినది ఏమీ లేదు.

11. పాతబోధకుడు

ఈ చర్చలో ఇంతవరకు వచ్చినవాటిలో అన్నింటికంటే విలువైనది దూరపుచుట్టం గారి అనుభవం. దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

వినేవారిని కలుపుకొనే 'మనం', వినేవారిని పక్కన పెట్టే 'మేము'. ఈ తేడా ఇంగ్లీషులో లేదు, హిందీలో లేదు. తమిళంలో ఉంది, ఇండోనేషియా భాషలో ఉంది, దక్షిణ అమెరికాలోని కెచువా భాషలో ఉంది. ఉన్న భాషల్లో, నోరు తెరిచిన ప్రతిసారీ గీత ఎక్కడ గీయాలో తేల్చుకోక తప్పదు. వ్యాకరణ పుస్తకం నియమం చెబుతుంది. ఏ సందర్భంలో గీత ఎక్కడ పడాలో చెప్పదు. ఉత్సాహంగా గొప్పలు చెప్పుకునేటప్పుడు 'మేము', ఫిర్యాదు చేసేటప్పుడు 'మేము', ఓదార్చేటప్పుడు 'మనం', బతిమాలేటప్పుడు 'మనం'. డాక్టరు రోగితో "ఇప్పుడు మనం ఈ మందు వేసుకుందాం" అన్నప్పుడు మందు వేసుకునేది రోగి ఒక్కరే, అయినా 'మనం'. ఈ జ్ఞానమంతా ప్రక్రియల్లో నిలవ ఉంటుంది. పరామర్శ అనే ప్రక్రియ అందనివారికి ఆ 'మనం' కూడా అందలేదు. మీరు కోల్పోయినది భాష కాదు దూరపుచుట్టం గారూ. మిమ్మల్ని గదిలోకి పంపించిన కొన్ని సాయంత్రాలు.

ఇక మొదటి ప్రశ్న. రూపం మనిషిని మారుస్తుందా? మార్చగలదనడానికి నాకు తెలిసిన బలమైన ఉదాహరణ తాగుడు మానాలనుకునేవారి బృందాలు. 'ఆల్కహాలిక్స్ అనానిమస్' 1935లో మొదలైంది. అక్కడ కొత్తగా వచ్చినవారు ముందు వింటారు. పాతవారు ఒకరి తర్వాత ఒకరు తమ కథ చెబుతారు. తాగుడు ఎలా మొదలైంది, ఎలా అదుపు తప్పింది, ఎక్కడ కుప్పకూలారు, ఎలా లేచారు. కథలు వేరు, నడక ఒకటే. కొన్నాళ్లకు కొత్తవారు తమ జీవితాన్ని ఆ నడకలో చెప్పడం మొదలుపెడతారు. "నేను సరదాకు తాగుతాను" అనుకున్న మనిషి "నేను తాగుడుకు బానిసను" అనగలుగుతాడు. గడిచిన జీవితంలోని అవే సంఘటనలు కొత్త వరసలో నిలబడతాయి. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు 1991లో పని నేర్చుకోవడం గురించి రాసినప్పుడు దర్జీలు, మంత్రసానులతో పాటు వీరిని కూడా తీసుకున్నది ఇందుకే. అక్కడ నేర్చుకునే విద్య కథ చెప్పడమే, దాని ఫలితం వేరే మనిషి కావడం.

కాబట్టి రాత్రిడ్యూటీ గారూ, దుస్తులు అన్న పోలికతో నేను పూర్తిగా ఏకీభవించలేను. దుస్తులు మనతో మాట్లాడవు. ప్రక్రియ ఏది చూడాలో, ఏది వదలాలో కళ్లకు నేర్పుతుంది.

12. గడప

ఇదంతా బాగుంది. నా ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. తలుపు ఎవరి చేతిలో ఉంది?

13. పాతబోధకుడు

దాటవేయలేదు గడప గారూ, దానికి విడిగా రాద్దామని ఆగాను.

మీకు ఎదురైన కాగితం లాంటివాటికి జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త 1996లో ఒక పేరు పెట్టాడు. మరుగున ఉన్న ప్రక్రియలు అని చెప్పుకోవచ్చు. పరిశోధన వ్యాసం అచ్చవుతుంది, ఎవరైనా చదివి నేర్చుకోవచ్చు. సిఫార్సు లేఖ, దరఖాస్తు, సమీక్షకుల అభిప్రాయం అచ్చుకావు. బీరువాల్లో ఉంటాయి. జీవితాలను తేల్చేవి తరచుగా అవే. లోపలివారి ఇంట్లో పుట్టినవారికి తప్ప నమూనా దొరకదు. మీ మిత్రుడు భోజనాల దగ్గర విన్నది దాన్నే.

దీనికి ఒక జవాబు ఆస్ట్రేలియాలో వెతికారు. 1980లలో సిడ్నీలో జిమ్ మార్టిన్, జోన్ రాదరీ మొదలైనవారు బడిపిల్లలు ఏం రాస్తున్నారో సేకరించి చూశారు. పిల్లల రాతల్లో ఎక్కువ భాగం తమకు జరిగినవి చెప్పడం, కథలు. వివరించడం, నివేదించడం, వాదించడం చాలా తక్కువ. పైచదువుల్లో, ఉద్యోగాల్లో అడిగేవి ఇవే. స్వేచ్ఛగా రాయనిస్తే పిల్లలు అన్నీ వాళ్లే కనుక్కుంటారని అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు కనుక్కుంటారు, మిగతావారికి స్వేచ్ఛ పేరుతో ఏమీ అందదు అని వీరు వాదించారు. వెనుకబడిన ప్రాంతాల బడుల్లో ఒక్కో ప్రక్రియనూ విప్పి చూపించి, కలిసి రాసి, తర్వాత ఒంటరిగా రాయించారు.

దాన్ని విమర్శించినవారూ ఉన్నారు. అధికారంలో ఉన్నవారి రూపాలను పిల్లల చేత బట్టీ పట్టిస్తే అధికారం మారుతుందా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయినా నేను సిడ్నీ వైపే నిలబడతాను. తాళం మంచిదా చెడ్డదా అని తేల్చేలోగా పిల్లవాడి చేతిలో తాళంచెవి ఉండాలి.

14. గడప

ఇది ఒప్పుకుంటాను. ఒక షరతుతో. నమూనా చూపించేటప్పుడు "ఇదే సరైన రాత" అని చూపించకూడదు. "వీళ్లకు ఇలా కావాలి, ఎందుకంటే వీళ్ల అవసరం ఇది" అని చూపించాలి. నేను ఆ రాత్రి రాసిన రెండు పేజీలు చెడ్డ రాత కాదని ఎవరైనా ఒక్కరు చెప్పి ఉంటే, నాకు చాలా ఏళ్ల సిగ్గు తప్పేది. ఆ పేజీలు వేరే ఎవరికో రాయవలసిన ఉత్తరం.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చే కుర్రవాళ్లకు నా పాత ప్రకటననూ, తర్వాత అంగీకరించిన ప్రకటననూ పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను. రెండూ నేనే రాశానని చెబితే ఎవరూ మొదట నమ్మరు.

15. కోడ్‌కొలిమి

రూపాలు శాశ్వతం కావన్నది కూడా చెప్పుకోవాలి. ఈమెయిల్లో పైన 'ఎవరికి, ఎవరి నుంచి, విషయం' అని ఉంటాయి కదా. అవి కార్యాలయాల్లోని మెమో నుంచి వచ్చాయి. మెమో 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో అమెరికన్ కంపెనీల్లో ఉత్తరంలోంచి విడిపోయింది. కంపెనీ పెరిగి, ఒకే గోడల మధ్య ఉన్నవారు ఒకరికొకరు రాసుకోవలసి వచ్చింది. 'ప్రియమైన', 'తమ విధేయుడు' లాంటి మర్యాదలు అనవసరమని తీసేశారు. కాగితాలను నిలువు సొరుగుల్లో విషయాన్ని బట్టి దాచే పద్ధతి రావడంతో 'విషయం' అన్న వరస అవసరమైంది. జోఆన్ యేట్స్ దీని చరిత్రను వివరంగా రాశారు. సొరుగులు పోయాయి. ఆ వరస మిగిలింది. ఈ రోజు స్నేహితుడికి ఈమెయిల్ రాస్తూ ఆ గడిలో ఏం పెట్టాలో తోచక ఆగిన ప్రతిసారీ, ఆ సొరుగుకు జవాబు చెబుతున్నాం.

అంటే ఎవరో, ఏదో అవసరానికి మార్చారు. మళ్లీ అవసరం మారితే మళ్లీ మార్చవచ్చు.

16. రాత్రిడ్యూటీ

అమ్మ ఇంటికి వచ్చింది. అడిగినవారందరికీ కృతజ్ఞతలు. మెల్లగా నడుస్తోంది.

మీ మాటలన్నీ మనసులో పెట్టుకుని వారం రోజులు డ్యూటీకి వెళ్లాను. రెండు సంగతులు గమనించాను.

మొదటిది. ఆ నాలుగు మెట్లలో చివరిది 'సూచన'. చేరిన కొత్తలో నేను డాక్టరుతో "ఆయన కొంచెం తేడాగా ఉన్నారు సార్" అని ఊరుకునేదాన్ని. ఏం చేయాలో నాకు తెలిసినా, చెప్పే స్థానం నాది కాదనుకునేదాన్ని. ఆ మెట్టు వచ్చాక, "మీరు ఇప్పుడే వచ్చి చూడాలి" అనడం నా పని అయింది. నేను ధైర్యవంతురాలిని అయ్యానో లేదో తెలియదు కానీ, ఆ ఖాళీని నింపక తప్పలేదు. చెల్లెలితో నన్ను పరాయిదాన్ని చేసిన రూపమే అక్కడ నాకు గొంతు ఇచ్చింది. దీన్ని తలచుకోకుండా మొదటి పోస్టు రాసినందుకు బాధగా ఉంది.

రెండోది. నోట్సు రాసే పద్ధతిలో రోగి స్వయంగా చెప్పినదానికి ఒక గడి ఉంది. లారెన్స్ వీడ్ అనే వైద్యుడు 1960లలో తెచ్చిన క్రమంలో అదే మొదటి గడి. రోగి మాటలను ఉన్నవి ఉన్నట్లు, కొటేషన్లలో రాయవచ్చు. చేరిన రోజు నేర్పారు. తొందరలో అందరం "ఫిర్యాదులేమీ లేవు" అని రాసి ముందుకు వెళ్లిపోతాం. మొన్న రాత్రి అక్కడ ఇలా రాశాను: "లైటు ఆర్పవద్దమ్మా, ఆర్పితే ఎక్కడున్నానో తెలియడం లేదు." ఉదయం వచ్చిన సిస్టర్ దాన్ని చదివి, వెళ్లి ముందు ఆ మంచం పక్కన లైటు చూసింది.

చెల్లెలు ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మ గురించి ఫోను చేస్తోంది. "ముందు నర్సులా చెప్పు, తర్వాత అక్కలా చెప్పు" అంటోంది. రెండూ చెబుతున్నాను.

17. దూరపుచుట్టం

బామ్మ సంస్మరణ సభ వచ్చే నెల. రెండు మాటలు నన్ను చెప్పమని బాబాయి అడిగాడు. తెలుగులోనే. మొదట వద్దన్నాను, తర్వాత ఒప్పుకున్నాను. అమ్మను అడిగి, పెద్దవాళ్లు అలాంటి చోట ఏం మాట్లాడతారో చెప్పించుకుని రాసుకున్నాను. మూడు వాక్యాలు మాత్రం ఇక్కడ పెడుతున్నాను, చూసి చెప్పండి.

"బామ్మ నాకు అక్షరాలు నేర్పలేదు, ఆవిడకు చదువు రాదు. పిలవడం నేర్పింది. ఆవిడ పిలిస్తే పలికిన వాళ్లం మేము, ఇక్కడ ఈ వరసలో కూర్చుని ఉన్నాం."

మూడో వాక్యంలో 'మేము' అని రాశాను. చేయి వణికింది. మళ్లీ తప్పు చేస్తున్నానా?

18. అనువాదిని

లేదు, సరిగ్గా రాశారు. అక్కడ మీరు సభకు చెబుతున్నారు. బాబాయిగారు మీ వరసలోనే కూర్చుంటారు.